సైలెన్స్ అన్నయ్య సాక్ష్యం

మా కాలేజీ లైబ్రరీలో పుస్తకాలిచ్చే కౌంటరు వెనక పంతొమ్మిదేళ్లుగా ఒకే మనిషి కూర్చునేవాడు. వారమంతా మమ్మల్ని "సైలెన్స్" అని గదమాయించేవాడు. శుక్రవారం సాయంత్రం మాత్రం చెప్పుల షాపు పైనున్న గదిలో మమ్మల్నే కూర్చోబెట్టి, ఇంకాస్త గట్టిగా పాడమని బతిమాలేవాడు. అది ఆయన నడిపే విద్యార్థుల ప్రార్థన కూటం. ఆయన అసలు పేరు ఎవరూ వాడేవారు కాదు, అందరికీ సైలెన్స్ అన్నయ్యే. నేను అక్కడికి భక్తితో వెళ్లానంటే కళ్లు పోతాయి. ఆ గదిలో గిటారుంది, బిస్కెట్లున్నాయి. దేవుడి సంగతి తర్వాత.

కూటంలో ప్రతివారం ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెప్పాలి. అంటే తన పాత బతుకేమిటో, ప్రభువు దాన్నెలా మార్చాడో నలుగురి ముందూ చెప్పడం. బయటినుంచి వచ్చినవాళ్ల సాక్ష్యాలంటే మేం చెవి కోసుకునేవాళ్లం. ఒకాయన తాగిన మత్తులో పోలీసు జీపునే తోలుకుపోయాడు. ఇంకొకాయన ఇద్దరి పళ్లు రాలగొట్టాడు. అన్నయ్య వంతు వచ్చేసరికి అందరం వాచీలు చూసుకునేవాళ్లం. ఏం చేస్తాడు, చెప్పుకోదగ్గ తప్పు ఒక్కటీ చేసి చావలేదు. ఏడేళ్లప్పుడు వాళ్లక్క పెన్సిలు తీసుకున్నాడు, సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేశాడు. ఆ పెన్సిలు గురించే ఏడాదికి రెండుసార్లు వినేవాళ్లం. నర్సుగా పనిచేసే వాళ్లావిడ కూడా వెనక వరసలో కూర్చుని ఆవులించేది.

ఆ ఏడాది పరీక్షలయ్యాక పెద్ద సభ పెట్టాం. ఎనభై మంది కొత్తవాళ్లు వచ్చారు. మాట్లాడాల్సిన పెద్దమనిషి, అదే ఆ జీపు ఆయన, జ్వరమొచ్చి ఆగిపోయాడు. అన్నయ్య లేచాడు. ఇక పెన్సిలు అందుకుంటాడని నేను గిటారు తీగలు సవరించుకుంటున్నాను. ఎదురుగా అన్ని ముఖాలు చూసేసరికి ఆయనకేం పూనిందో, డిగ్రీ ఆఖరి పరీక్షలో చొక్కా చేతుల్లో చీటీలు దాచి కాపీ కొట్టానన్నాడు. రెండు వారాలు నిద్రపట్టలేదన్నాడు. చివరికి ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి ఒప్పుకుంటే, ఆయన లేచి కౌగిలించుకుని క్షమించి పంపాడన్నాడు. హాలంతా నోరు తెరుచుకుని వింది. నేనూ నమ్మాను. వాళ్లావిడ మాత్రం ఆవులించడం మానేసి ఆయన వంకే చూస్తూ కూర్చుంది.

సోమవారం నేను లైబ్రరీ కౌంటరు పక్కనే ఏదో పుస్తకం వెతుక్కుంటున్నాను. కెమిస్ట్రీ చదివే ఒకమ్మాయి వచ్చింది. కూటంలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. మొన్నటి పరీక్షలో తానూ చీటీలు పెట్టి రాశానని, ఎవరూ పట్టుకోలేదని, రేపు వెళ్లి ప్రిన్సిపాల్‌తో చెప్పేస్తానని మెల్లగా అంది.

"మిమ్మల్ని క్షమించారు కదన్నయ్యా. నన్నూ క్షమిస్తారు కదా?"

అన్నయ్య ముఖంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. ప్రార్థన చేసి చెబుతానని, రేపు తనని కలవకుండా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లొద్దని పంపేశాడు.

ఇంటికెళ్లాక జరిగింది వాళ్లావిడే తర్వాత నాకు చెప్పింది. నిజం బయటపడితే తన మాట ఇక ఎవరూ నమ్మరని, పంతొమ్మిదేళ్ల కూటం మూతపడుతుందని ఆయన గొణిగాడట. ఆవిడ యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ తలెత్తకుండానే చెప్పిందట.

"ప్రార్థన తర్వాతైనా చేసుకోవచ్చు. అక్కడ ఆ పిల్ల ఏడాది పోతుంది."

మర్నాడు అన్నయ్య ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద ఆ అమ్మాయిని కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. తాను కాపీ కొట్టలేదు, ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు, ఒప్పుకుంటే ఏమవుతుందో తనకి తెలియదు. ఆ పిల్ల, శుక్రవారం అందరికీ ఇదే చెప్పమంది. అప్పుడు తాను వెళ్లేదీ లేనిదీ తేల్చుకుంటానంది.

చెప్పాడు. సభలో ఇరవై నిమిషాలు సాగిన కథకి ఇప్పుడు రెండు ముక్కలు సరిపోయాయి.

"నేను కాపీ కొట్టలేదు. మీరు వినాలని అబద్ధం చెప్పాను."

ఆ వారం బిస్కెట్లు మిగిలిపోయాయి. కొందరు మధ్యలోనే లేచి మెట్లు దిగిపోయారు. నాకూ చిర్రెత్తుకొచ్చింది. గిటారు మూలన పెట్టేసి పోదామనుకున్నాను. కానీ అందరికంటే ముందు పోవాల్సిన ఆ కెమిస్ట్రీ పిల్ల కూర్చున్నచోటునుంచి కదల్లేదు. అది చూసి నాకు సిగ్గేసి ఆగిపోయాను.

సోమవారం ఆ అమ్మాయి ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది. అన్నయ్యా నేనూ బయట కూర్చున్నాం. తుమ్మినా దగ్గినా ఒక బైబిలు వాక్యం చెప్పే మనిషి, ఆ అరగంటా తలుపు వంకే చూస్తూ కూర్చున్నాడు. బయటికొచ్చిన పిల్ల కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పేపరు రద్దు చేశారట. వచ్చే ఏడు మళ్లీ రాయాలట. క్షమించే మాట లోపల ఎవరూ ఎత్తనే లేదట.

"ఇంటికెళ్లి మా నాన్నకి చెప్పాలన్నయ్యా. మీరొస్తారా?"

అన్నయ్య వెంటనే లేచాడు.

"అక్కడ ఏం మాట్లాడాలో నాకు తెలీదమ్మా. వస్తాను, పద."

సెలవు చీటీ రాసి నా చేతిలో పెట్టి, ఆ పిల్ల పక్కన బస్టాపు వైపు నడిచాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.