పేరు విరక్కూడదన్న వదినగారు

మా వదినగారు పోయారన్న కబురు నాకు జొన్నాడలో తెలిసింది. రాజమండ్రి ఆసుపత్రిలో ఆవిడకి బయటి తిండి సయించడం లేదని, ఉప్పు తగ్గించి వండిన అన్నం, బీరకాయ కూర క్యారేజీలో పెట్టుకుని కొత్తపేటలో బస్సెక్కాను. బస్సు గోదావరి దాటి జొన్నాడలో ఆగి ఉండగా అన్నయ్య ఫోన్ చేశాడు. "ఇంక క్యారేజీ అక్కర్లేదురా" అన్నాడు. నేను పిచ్చివాడిలా సంతోషించాను. డాక్టర్లు ఇంటికి పంపించేస్తున్నారనుకున్నాను. ఎన్నింటికి బయల్దేరుతున్నారని కూడా అడిగాను. అటువైపు నుంచి అన్నయ్య ఏడుపు వినపడింది. అప్పుడు అర్థమైంది. క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని రాజమండ్రి దాకా ఏడుస్తూనే ఉన్నాను. పక్కసీట్లో పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు, ఎందుకని అడగలేదు.

ఆవిడ మా అన్నయ్య భార్య. పుట్టిల్లు రాయవరం, వరి పండించుకునే ఇల్లు. హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, పెళ్ళయ్యాక కొత్తపేట వచ్చారు. మా ఇంటి ముందు గదిలో రెండు బల్లలు వేసుకుని ఆవిడా నేనూ వెబ్ పేజీలు తయారు చేసేవాళ్ళం. తెర వెనక సమాచారం దాచడం, పంపడం నా పని. తెర మీద జనానికి కనిపించేదంతా ఆవిడ పని. ఆత్రేయపురం పూతరేకుల వాళ్ళ దగ్గర్నుంచి కొబ్బరి పీచు ఎగుమతి చేసేవాళ్ళ దాకా మా దగ్గరికి వచ్చేవారు. వాళ్ళు ఆవిణ్ణి మేడంగారూ అనేవారు, నన్ను మాత్రం మేడంగారి మరిది అనేవారు. ఆ పదవితో నాకేమీ ఇబ్బంది లేదు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. వెబ్ పేజీలో బటన్లూ పట్టికలూ క్యాలెండర్లూ ప్రతిసారీ మొదటి నుంచి రాసుకోం. ఎవరో ముందే రాసి నలుగురికీ ఇచ్చిన కోడ్‌ని తెచ్చుకుని వాడుకుంటాం. దాన్నే లైబ్రరీ అంటాం. ఒక్కో పనికి బోలెడు రకాలుంటాయి, ప్రతిదీ తనే గొప్పని చెప్పుకుంటుంది. వాటిలో ఏది తెచ్చుకోవాలో తేల్చడమే సగం పని. ఒకసారి తెచ్చుకున్నాక పేజీ అంతా దాని చుట్టూ అల్లుకుపోతుంది. తర్వాత విడదీయాలంటే చచ్చే చావు.

"మా కోడలు లైబ్రరీ చూస్తోంది" అని మా అమ్మ ఇరుగుపొరుగుకి చెప్పుకునేది. దాంతో పక్కింటి పిన్నిగారు పాత వారపత్రికల కట్ట ఒకటి మోసుకొచ్చి, మీ లైబ్రరీలో పెట్టుకోండమ్మా అన్నారు. నేను నవ్వాపుకోలేక లోపలికి పారిపోయాను. వదినగారు మాత్రం ఆ కట్టని రెండు చేతులా అందుకుని "ఆయ్, చాలా సంతోషమండి" అన్నారు. అంతటితో ఆగకుండా మానిటర్ పక్క అలమరలో వాటిని వరసగా సర్దారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందులో వంటల పేజీలు చదివేవారు.

లైబ్రరీని ఎంచడంలో ఆవిడ పద్ధతి తమాషాగా ఉండేది. ఒకే చిన్న పేజీని రెండు మూడు లైబ్రరీలతో విడివిడిగా తయారు చేసేవారు. గాజు పగిలిన పాత ఫోన్ ఒకటి సొరుగులో ఉండేది, అన్నిటినీ దాని మీద తెరిచి చూసేవారు. ఆ తర్వాత టీ గ్లాసు పట్టుకుని ఆ లైబ్రరీ తాలూకు ఫిర్యాదుల పేజీ తీసేవారు. ఎన్ని ఫిర్యాదులున్నాయన్నది ఆవిడకి పెద్దగా పట్టేది కాదు. విసుక్కుంటూ అడిగినవాడికి దాన్ని రాసినవాళ్ళు ఎలా జవాబిచ్చారో చూసేవారు. "ఈయన మంచాయనండి, తిట్టినవాడికి కూడా దారి చెప్పేరు" అని ఒకదాన్ని దగ్గరికి తీసేవారు. "వీళ్ళకి నోటి దురుసండి, రేపు మనం ఇరుక్కుంటే తలుపు తియ్యరు" అని ఇంకోదాన్ని పక్కన పడేసేవారు. మీరు కోడ్ చూస్తున్నారా సంబంధాలు చూస్తున్నారా అని నేను ఏడిపించేవాణ్ణి. "మీ అన్నయ్య గురించి మా నాన్నగారు సరిగ్గా వాకబు చెయ్యలేదండి మరిదిగారూ, అందుకే ఇక్కడైనా జాగ్రత్త పడుతున్నాను" అనేవారు, వసారాలో ఉన్న అన్నయ్యకి వినపడేలాగ.

నాకు తొందరెక్కువ. ఎక్కువమంది మెచ్చుకున్నది తెచ్చేసుకుందాం, అందరూ అదే వాడుతున్నారు కదా అనేవాణ్ణి. "అందరూ అంటే ఎవరండీ?" అని అడిగేవారు. వెటకారానికి కాదు, నిజంగానే అడిగేవారు. ఆ ప్రశ్న ఆవిడకి ఒక రొయ్యల షెడ్డు దగ్గర పట్టుకుంది.

రాజోలు అవతల, సముద్రం వైపు ఉన్న షెడ్డు అది. ఆడవాళ్ళు వరసగా నిలబడి రొయ్యలు ఒలుస్తారు. గుమ్మం పక్క గోడకి ఒక ట్యాబ్ బిగించి, హాజరు దాని మీద పడేలా పేజీ తయారు చెయ్యమన్నారు. తెర మీద పేర్ల పట్టిక వస్తుంది. ఎవరి పేరు మీద వాళ్ళు వేలు పెడితే పక్కన ఆకుపచ్చ టిక్కు పడుతుంది. అంటే ఆ మనిషి పనిలోకి వచ్చినట్టు. ఆ పట్టిక కోసం వదినగారు మూడు లైబ్రరీలు పోల్చి, వేగమూ బరువూ ఫిర్యాదులూ అన్నీ చూసి ఒకటి తేల్చారు. చక్కగా నడిచింది. అయితే ఇంట్లో పరీక్షించినప్పుడల్లా మేం ఇంగ్లీషు పేర్లే కొట్టాం. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

కొద్దిరోజులకి షెడ్డు మేనేజరుగారు మాటల్లో మాటగా, ఆదిలక్ష్మి అని ఒకావిడ చెప్పాపెట్టకుండా మానేసిందండి, మంచి పనిమంతురాలు అన్నారు. వదినగారు ఫోన్ పెట్టేసి గబగబా పేజీ తెరిచి ఆ పేరు తెలుగులో కొట్టారు. గడిలో పట్టదని లైబ్రరీ దాన్ని కత్తిరించేసింది. "ఆదిలక్" అని ఉంది, ఆ తర్వాత మూడు చుక్కలు. ఆదిలక్ష్మి అంటే మనకి నాలుగక్షరాలు. కంప్యూటరుకి పది. గుడినీ పొల్లునీ అది విడివిడిగా లెక్కపెట్టుకుంటుంది. లెక్క దాటిందని అక్షరాన్ని నడిమికి కోసేసింది.

మర్నాడు ఇద్దరం ఆదిలక్ష్మిగారి ఇంటికి వెళ్ళాం. చేపల వేట మీద బతికే కుటుంబం, ఇంటాయన పడవ మీద వెళ్ళారు. ఆవిడకి చదువు రాదు. తన పేరు ఒక్కటే గుర్తు, అది కూడా అక్షరాలుగా కాదు. ఆధార్ కార్డు మీద చూసి చూసి, చివర కిందికి వేలాడే వత్తుల గుత్తితో సహా ఆ రూపు పట్టేశారు. ట్యాబ్ మీద ఆ రూపు కనపడలేదు.

"పేరు తీసేసేరనుకున్నానండి. ఎందుకు తీసేసేరని అడగడం బాగోదు కదండి. అందుకని ఇంటికొచ్చేసేనండి" అన్నారు ఆదిలక్ష్మిగారు.

కోపం లేదు, నిష్ఠూరం లేదు. కూర్చోండని పీట వేసి, టీ పెట్టనా అని అడిగి మరీ చెప్పారు. వదినగారు ఆవిడ చెయ్యి పట్టుకుని, తప్పు నాదండి, మీ పేరు ఎవరూ తియ్యలేదండి అని మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఇంటికి రాగానే ఆ లైబ్రరీని తీసేసి ఇంకోటి పెట్టే పనిలో పడ్డారు. ఆ వారంలోనే ఆదిలక్ష్మిగారు మళ్ళీ పనిలోకి వచ్చారు.

అప్పటి నుంచి ఏ కొత్త లైబ్రరీ తెచ్చినా ఆవిడ మొట్టమొదట చేసే పని అందులో ఆదిలక్ష్మి అని కొట్టడం. ఒకసారి నేను మోజుపడి ఒక సోకు లైబ్రరీ పట్టుకొచ్చాను. అందులో అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరొచ్చి వరసలో కూర్చుంటాయి. ఇంగ్లీషులో ముచ్చటగా ఉంది. వదినగారు ఆ పేరు కొట్టేసరికి గుడి ఒక చోట, పొల్లు ఇంకో చోట, వాటికి ఆనుకుని, అక్షరం దొరకని గుర్తుకి కంప్యూటరు పెట్టే చుక్కల సున్నాలు కనపడ్డాయి. "పాపం, చెట్టుకొకటీ పుట్టకొకటీ అయిపోయేయండి" అన్నారు, నిజంగా జాలిపడుతూ. పూతరేకుల వాళ్ళకి ఆ ఎగిరే అక్షరాలు నచ్చుతాయని నేను వాదించాను. "అందం తర్వాతండి, ముందు పేరు విరక్కూడదు" అన్నారు. అక్కడితో ఆ వాదన అయిపోయింది.

పేరు విరిచిన లైబ్రరీల వాళ్ళకి ఊరుకోకుండా ఉత్తరం ముక్క రాసేవారు. ఎక్కడ విరుగుతోందో, ఎందుకు విరుగుతోందో ఓపిగ్గా, మర్యాదగా రాసేవారు. కొందరు పట్టించుకోలేదు. ఒకాయన మాత్రం దిద్ది, థాంక్స్ చెప్పి, ఇంతకీ ఈ ఆదిలక్ష్మి ఎవరని అడిగారట. "మా స్నేహితురాలండి అని రాసేను" అని నాతో చెప్పి, ఆ రోజంతా హుషారుగా ఉన్నారు.

మేనేజరుగారికి ఈ హైరానా అంతా ఎందుకో బోధపడేది కాదు. చెడ్డాయనేం కాదు. పేర్లు తీసేసి ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చేద్దాం, అప్పుడు ఏ లైబ్రరీ అయినా పనికొస్తుంది, మీకూ సులువు అన్నారు. వదినగారు ఎవరి మాటా కాదనలేని మనిషి, ఎవరేం చెప్పినా ఆయ్ అనడమే అలవాటు. ఆ రోజు అనలేదు.

"సులువేనండి. కానీ ఆవిడ గుర్తుపట్టేది ఆ పేరొక్కటేనండి. అది కూడా మనమే తీసేస్తే ఎలాగండి?" అన్నారు.

మేనేజరుగారు సరే కానివ్వండి అన్నారు. అలా ఆ షెడ్డు గోడ మీద పేర్లు నిలిచాయి.

కిందటి చలికాలంలో వదినగారికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని తెలిసింది. ఆ రోజుల్లోనే, షెడ్డు పేజీకి మేం వాడుతున్న లైబ్రరీని దాన్ని రాసినవాళ్ళు వదిలేశారు. ఇంక మరమ్మతులు చెయ్యలేమని ప్రకటించేశారు. కొత్తది వెతకాలి. మేనేజరుగారు మళ్ళీ నంబర్ల మాటెత్తారు, ఈసారి కొత్తది కుదరకపోతే నంబర్లే పెట్టించేస్తానన్నారు. వదినగారు ఒంట్లో ఓపిక ఉన్నప్పుడల్లా కూర్చుని వడపోసి రెండింటి దగ్గర ఆగారు. ఒకటి చిటికెలో తెరుచుకుంటుంది, పేరు విరవదు, కానీ పొడుగు పేరుని గడిలో పట్టించడానికి చిన్నది చేసేస్తుంది. రెండోది ప్రతి పేరునీ నిండుగా చూపిస్తుంది, కానీ ఆ పాత ట్యాబ్ మీద తెరుచుకోవడానికి తాత్సారం చేస్తుంది. ఏదో తేల్చేలోపలే ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది.

డయాలసిస్ జరుగుతుండగా పక్కన కూర్చుని, రెండింట్లో ఏదో ఒకటి చెప్పెయ్యండి అని అడిగాను. తేల్చే భారం నాకొద్దు, ఆవిడే చెప్పెయ్యాలి. నా సంగతి ఆవిడకి తెలుసు. నీరసంగా నవ్వారు.

"ఇక్కడ కూర్చుని ఎంచితే మొదటిసారి చేసిన తప్పే మళ్ళీ చేసినట్టవుతుందండి మరిదిగారూ. రెండూ పట్టుకుని షెడ్డుకెళ్ళండి. ఆదిలక్ష్మిగారిని అడగండి."

మీరు లేచాక ఇద్దరం వెళ్దాం లెండి అన్నాను. "ఆయ్" అన్నారు. మా వైపు ఆయ్ అంటే ఒప్పుకున్నట్టూ కావచ్చు, ఊరికే విన్నట్టూ కావచ్చు. రెండింట్లో ఏదో నాకు తెలుసు, తెలియనట్టు కూర్చున్నాను.

పెద్దకార్యం అయిన మర్నాడు పొద్దున్నే నేనొక్కణ్ణే షెడ్డుకి వెళ్ళాను. ఆడవాళ్ళు తలలకి టోపీలు పెట్టుకుని గుమ్మం దగ్గర వరసలో ఉన్నారు. కబురు వాళ్ళకి ముందే తెలిసింది, ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. మేనేజరుగారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. ముందు వేగంగా తెరుచుకునేది పెట్టాను. ఆదిలక్ష్మిగారు కళ్ళు చిట్లించి పట్టికంతా వెతికారు. ఉందండి, కానీ వెతుక్కోవాలండి అన్నారు. తర్వాత రెండోది పెట్టాను. తెర కాసేపు తెల్లగా ఉండిపోయింది. మేనేజరుగారు గడియారం చూసుకున్నారు. ఇది కాకపోతే ఇంక నంబర్లే. అంతలో పేర్లు వచ్చాయి. ఆదిలక్ష్మిగారు వేలు పమిటకి తుడుచుకుని తిన్నగా తన పేరు మీద పెట్టారు. పెట్టి పక్కకి తప్పుకోలేదు. వెనక నిలబడ్డ కొత్తావిడ వైపు తిరిగి, "భాగ్యలక్ష్మిగారూ, మీదీ ఇదిగోనండి, మీకూ చివర నాకున్న తోకే కదండి" అని వేలితో చూపించారు. తన పేరు రూపు ఒక్కటే తెలిసిన మనిషి, ఆ రూపు పట్టుకుని ఇంకొకరి పేరు కనిపెట్టేశారు. మేనేజరుగారు గొంతు సవరించుకుని, ఇదే ఉంచేద్దామండి, కాస్త ఆలస్యమైతే అయింది అన్నారు.

వరసంతా లోపలికి వెళ్ళాక ఆదిలక్ష్మిగారు మళ్ళీ నా దగ్గరికి వచ్చారు.

"మేడంగారి పేరు ఎలా ఉంటుందండి? నేనెప్పుడూ చూడలేదండి" అన్నారు.

నేను పట్టికలో అట్టడుగున వదినగారి పేరు కొట్టాను. ఆదిలక్ష్మిగారు దగ్గరికి వచ్చి, గాజుకి తగలకుండా ఒక్కో అక్షరం మీదుగా వేలు నెమ్మదిగా నడిపించుకుంటూ వెళ్ళారు. చివరికంటా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చారు. ఇంత బాగుంటుందన్నమాటండి అన్నారు. ఆ తర్వాత, తన పేరు మీద రోజూ పెట్టినట్టే, భక్తిగా, ఆ పేరు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఉంచారు. తీసి, చేతి తొడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

పేరు పక్కన ఆకుపచ్చ టిక్కు పడింది. ఆ పూట షెడ్డులో పనిలోకి వచ్చినవాళ్ళలో మా వదినగారు కూడా ఉన్నారు.