జింకలు తిన్నయని చెప్పిన గడ్డి

మా చిన్నప్పుడు... తొలి వాన పడ్డ మూడో నాడే మా ఊరి గుట్టకు తాడు కట్టెటోళ్ళు. నడుమ నడుమ యాపమండలు గుచ్చి, పైకి పోయే బాటకు అడ్డంగ కట్టుడు. కట్టిన్రంటె ఇగ దసర దాక ఒక్క గొడ్డు, ఒక్క గొర్రె పైకి పోవద్దు.

మాది మడికొండ దాటినంక ధర్మసాగర్ దిక్కు చిన్న ఊరు. డెబ్బైలల్ల ముచ్చట. అప్పుడు మాయన్ని గడ్డి ఇండ్లే. ఆ గుట్ట మీద పెరిగిన బోద గడ్డి కోసుకొచ్చి ఏటేట కప్పుకోవాలె. గడ్డి లేకుంటె కప్పు లేదు... కప్పు లేకుంటె వాన ఇంట్లనే.

తాడు కట్టేది మా పెద్దనాయిన, మా నాయినకు అన్న. గుట్టకు ఆయనే కావలి. "ఎవని గొడ్డు పైకెక్కినా, బిడ్డా, సక్కగ బందెలదొడ్లకే" అని మీసం దువ్వుకుంట ఊరంత ఇనేటట్టు ఒర్రెటోడు.

మాకు ఏడు గొర్లు ఉంటుండె. అమ్మ, నాయిన కైకిలి కూలికి పోతె వాటిని నేనే తోలుకపోవాలె. ఆ యేడు తొలి వాన పడ్డది గని, తర్వాత మబ్బు మొఖం చాటేసింది. కింద బీడంత ఉత్త మట్టి. పైన గుట్ట మాత్రం వేలెడెత్తు పచ్చగ... గొర్లు ఆకలికి నా మొఖం చూసి ఒక్కటే అరుసుడు. నేనేం జేసిన? తాడు ఎత్తి పట్టుకున్న. ఏడూ కింది నుంచి దూరినయి.

ఒక్కనాడు గాదు... పది దినాలు తోలిన. సిగ్గులేదు నాకు.

పైన ఏం కనబడ్డదో చెప్పాల్నా? పెండ! తడి ఆరని ఆవుల పెండ. గుట్ట ఎనక దిక్కు నుంచి ఎవరో రోజూ తోలుతాండ్రు. ఎవరో తెల్వనిదా... మా పెద్దనాయిన ఎర్రావు మెడల గంట నా చెవులతోని నేను ఇన్న. కంచే చేను మేసుడంటె గదే.

వానలు మళ్ళ పడ్డయి. అయినా గుట్ట లేవలే. మొదలుదాక కొరికిన గడ్డి కొరికినట్టే ఉన్నది, మట్టి కొట్టుకపోయి రాళ్ళు తేలినయి. ఊరోళ్ళంత కూడిన్రు. "ఎవని గొడ్డు మేసిందిరా?" అని పెద్దనాయినే గట్టిగ అడుగుతాండు! రోజూ గొర్లతోని తిరిగేది నేనే గద... అందరి చూపు నా దిక్కు మళ్ళింది.

"జింకలు తిన్నయి పెద్దనాయినా. నేను చూసిన" అన్న.

గుట్టకు జింకలు వచ్చుడు నిజమే. నాలుగో, ఐదో. తాతల కాలం సంది వస్తనే ఉన్నయి. వాటితోని గడ్డికి ఎన్నడు తక్లీఫ్ రాలే.

పెద్దనాయిన మొఖం విచ్చుకపోయింది. "ఇగో, పసిపిల్ల అబద్ధమాడదు!" అన్నడు. ఛీ... ఆ మాట యాదికొస్తె ఇప్పటికీ నా మీద నాకే రోత పుడ్తది.

పదిమంది గుట్ట ఎక్కి చూసొచ్చిన్రు. పెండల కాళ్ళు పెట్టిన్రు, రాళ్ళకు రాసుకున్నరు, కిందికి దిగొచ్చి "జింకలే, జింకలే" అన్నరు. జింక పెండ పెడ్తదా? ఒక్కడన్న అడిగిండా? అడిగితె వాని గొడ్డు గూడ బయటపడ్తదాయె.

తెల్లారి కుక్కలను తోలుకొని, వలలు పట్టుకొని పోయిన్రు. పొద్దెక్కేవరకు మూడింటిని మోసుకొచ్చిన్రు. అండ్ల ఒకటి సూడిది... మోదుగాకుల మీద ఇంటికో పోగు పెట్టి, నవ్వుకుంట పంచుకున్నరు. "ఈ పిల్ల చెప్పబట్టి దొరికినయి" అని నా నెత్తి నిమిరిన్రు.

మా నాయినమ్మ ఆ పొద్దు గుట్ట ఎక్కింది. మోకాళ్ళ నొప్పుల ముసల్ది, అయినా పోయింది. ఒక గడ్డి దుబ్బు పీక్కొచ్చి నా ముందట పారేసింది.

"చూడు. జింక కొస గిల్లి ముందటికి పోతది, ఒక్కకాడ నిలవది. గొర్రె నిలవడి మొదలుదాక కొరుకుతది. లేత ఇగురు మీదనే కొరికితె ఏరుకు సత్తువ ఏడిది? గింజ ఏడిది? వచ్చే ఏడు ఏం మొలుస్తది, నీ తలకాయనా?"

తనే కూర వండింది. తలెల ఏసుకొచ్చి నా ముందట పెట్టింది.

"నీ మాట మీద చచ్చినయి. నువ్వే తిను."

ఒక్క ముక్క నోట్ల పెట్టుకున్న... వాకిట్లకు ఉరికి కక్కుకున్న. ఇప్పటికీ ఎక్కడన్న మాంసం ఉడుకుతాంటె ముక్కు మూసుకుంట. మా పిల్లలు "ఏందమ్మా, గంత ఓవర్ జేస్తవ్" అంటరు. ఏం చెప్పాలె వాళ్ళకు?

అయితె నాయినమ్మ గూడ ఊర్ల ఎవ్వరికీ చెప్పలే. మా గొర్లు బందెలదొడ్లకు పోతయని ఆమె ఫికర్ ఆమెది. అందరం ఒక్క తాను ముక్కలమే. థూ.

ఆ దసరకు కొయ్యనీకె గడ్డి లేదు. మరుసటేడు వానకాలమంత నాయినమ్మ కురిసే కాడల్ల గిన్నెలు పెట్టుకుంట, మంచం జరుపుకుంట ఎళ్ళదీసింది. నన్ను ఒక్క మాట అనలే.

జింకలు మళ్ళ రాలే. బోద గూడ రాలే. గొడ్డు మూతి పెట్టని తంగేడు మాత్రం రెండేండ్లల్ల గుట్టంత అల్లుకున్నది. "ఈసారి బతుకమ్మకు పువ్వు మస్తుగున్నది" అని ఊరంత సంబరపడ్డది. అది చూసి గూడ ఎవ్వరికీ ఏం అనిపియ్యలే!

మొన్న అటు దిక్కు పోయిన. గుట్ట అంచుదాక ప్లాట్ల రాళ్ళు పాతిన్రు. చాయ్ కొట్టుకాడ ఒక పిల్లగాడు, ముప్పై ఏండ్లు గూడ ఉండయి, నాకు చెప్తాండు... "ఒకప్పుడు ఈడ నడుమెత్తు గడ్డి ఉంటుండెనట అక్కా. జింకలొచ్చి ఖరాబు చేసినయట."

నేను చాయ్ తాగిన... ఏమనకుంట వచ్చేసిన. ముసల్దాన్నయినా గంత ధైర్యం రాలే నాకు.

అందుకే ఈడ రాస్తాన్న. ఆ గడ్డి తిన్నది జింకలు గాదు. మా గొర్లు. మా పెద్దనాయిన ఆవులు. మా ఊరోళ్ళ గొడ్లు.

మీ ఊర్ల గుట్టను ఎవరు మేసిన్రు... పేరు ఎవరిది పెట్టిన్రు? చెప్పబుద్ధయితె కింద రాయిన్రి. నాకు యాభై ఏండ్లు పట్టింది.