సోమవారం మీటింగులో గీసిన ముఖం

గీతబొమ్మ నేర్చుకుందామని పోయినేడాది ఒక స్కెచ్‌బుక్కు, రెండు నల్ల పెన్నులు కొన్నాను. దీని నియమం చిన్నదే. ఎదురుగా ఉన్నదాని అంచు వెంట కన్ను ఎంత మెల్లగా కదిలితే పెన్నూ అంత మెల్లగా కదలాలి. కాగితం వంక చూడకూడదు, పెన్ను ఎత్తకూడదు. రబ్బరు ప్రసక్తే లేదు. పొద్దస్తమానం అన్‌డూ నొక్కుకుంటూ బతికే నాలాంటి సాఫ్ట్‌వేర్ మనిషికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది?

ఇంట్లో కుక్కరు, చెప్పులు, చీపురు అయిపోయాక మనుషుల మీద పడ్డాను. గచ్చిబౌలి, మాదాపూర్ మొత్తంలో గంటసేపు కూర్చున్నచోటు నుంచి కదలని మనుషులు దొరికేది ఆఫీసు మీటింగులోనే. అందులోనూ మా సోమవారం మీటింగులో అందరూ ల్యాప్‌టాప్‌లలో తలలు దూర్చి వేరే పనులు చేసుకుంటుంటారు. మా మేనేజర్ ఒక్కరే మాట్లాడుతుంటారు. నేను ఒళ్లో పుస్తకం పెట్టుకుని, రెప్ప వేయకుండా ఆయన్ను చూస్తూ గీసేదాన్ని.

నెల తిరిగాక ఒకరోజు ఆయన నన్ను లిఫ్టు దగ్గర ఆపారు. "మీరొక్కరే నా దిక్కు చూసి వింటరు, రాసుకుంటరు. ఇగ టీమ్ లీడ్ పోస్టుకు మీ పేరే ఇస్తున్న" అన్నారు.

ఆ పోస్టు కోసం నాలుగేళ్లుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నాను. సంతోషం, సిగ్గు రెండూ ఒకేసారి ముంచుకొచ్చాయి. నిజం చెప్పాల్సింది. "థ్యాంక్సండి" అని ఊరుకున్నాను.

మా ఆఫీసులో పెన్ను పట్టుకున్నవాళ్లే మీటింగు వివరాలు రాసి పంపాలనేది ఎవరూ పెట్టని రూలు. ఆ సంగతి మరిచిపోవడం నా తప్పు. మరుసటి సోమవారం మీటింగులో ఆయన నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచారు. "ఈ నెల మీరు రాసినయి జర చూడనియ్యండి."

ఇచ్చాను. ఆయన ఒక్కో పేజీ తిప్పారు. ఒకచోట ముక్కు చెంప మీదికి వచ్చింది, ఇంకోచోట కళ్లద్దాలు చొక్కా కాలరు మీద ఉన్నాయి.

"ఏంది, అన్నిట్ల నా నోరు తెరిచే ఉన్నది?"

"మీరు మాట్లాడుతున్నప్పుడు గీసినవండి."

"నేను మాట్లాడంది ఎప్పుడు మరి?"

ఆయన ఇంకో పేజీ తిప్పి చూసి, నవ్వి, పుస్తకం నా చేతికిచ్చి కూర్చున్నారు. "సరే, ఇయ్యాల నేను మాట్లాడ. ఈ నెలల మనం ఏమేం అనుకున్నమో మన కొత్త లీడ్ చెప్తరు, విందాం."

ల్యాప్‌టాప్‌లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. గదిలో అందరూ నావైపే చూస్తున్నారు. ఆయన ఎడమ చెవి కింద పుట్టుమచ్చ ఎక్కడుందో అడిగితే కళ్లు మూసుకుని చెప్పగలను. పని ఏ తేదీకి పూర్తి చేస్తామన్నామో మాత్రం తెలియదు.

లేచి నిలబడ్డాను. "నేను ఒక్క మాటా వినలేదండి" అన్నాను.