ఆదెమ్మ పిన్ని ఎసెన్సు కొట్టు

నిన్న ఉదయం కేకు పిండి కలుపుతూ నారింజ ఎసెన్సు సీసా మూత తీశాను. పండు వాసన రాలేదు. కొత్తగా రంగు వేసిన తలుపు పక్కన నిలబడినట్టు టర్పెంటైను ఘాటు ముక్కుకు కొట్టింది. బజారు నుంచి ఈమధ్యనే తెచ్చిన సీసా అది. ఏ అంగడి గుమ్మంలో ఎండకు ఎన్నాళ్లు నిలబడిందో. సింకులో వంపేసి కిటికీ తెరిచాను. కోరాపుట్ కొండల మీద మబ్బు దిగి ఉంది. ఆ కంపు గది వదిలేదాకా ఏ పనీ చేయబుద్ధి కాక స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆదెమ్మ పిన్ని గుర్తొచ్చింది. మంచి వాసనలతో బతికిన మనిషి నాకు ఎప్పుడూ చెడిపోయిన వాసనతోనే గుర్తొస్తుంది.

రాయగడలో స్టేషను వైపు వెళ్లే రోడ్డు మీద ఆమెకు ఎసెన్సుల కొట్టు ఉండేది. ఐస్‌ఫ్రూటు చేసేవాళ్లు, మిఠాయి కొట్లవాళ్లు, షర్బత్ బళ్లవాళ్లు ఆమె దగ్గరే కొనేవారు. ఆమెది శ్రీకాకుళం దగ్గర పల్లెటూరు. రైల్వేలో సిగ్నల్ టెక్నీషియన్‌ని పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చింది. ఆయన పోయాక ఒంటరిగా కొట్టు నడిపేది. విశాఖపట్నం నుంచి డబ్బాల్లో వచ్చే సరుకును ముదురు గోధుమరంగు గాజు సీసాల్లోకి వంపి అమ్మేది. నాది పొట్టంగి. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, తెలిసినవాళ్లు చెబితే ఆమె దగ్గర పనిలో చేరాను. అందరిలాగే నేనూ పిన్నీ అని పిలిచేదాన్ని.

చేరిన కొత్తలో, సగం ఖాళీ అయిన అనాసపండు ఎసెన్సు సీసాను గల్లా బల్ల మీద వదిలేసి భోజనానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. సీసా గాజు వెచ్చగా ఉంది.

“ఏటమ్మీ ఇది? ఎండలో పెట్టీసి ఎలిపోతావా? ఎండా గాలీ రెండూ దీన్ని తినేస్తాయి. సగం అయిపోతే సిన్న సీసాలోకి మార్చీయాల. మూత కింద గాలికి సోటుండకూడదు,” అంది.

తిట్టినట్టు కాదు, ఎవరికో దెబ్బ తగిలినట్టు అంది. ఆ మధ్యాహ్నమే నాకు సరుకంతా చూపించింది. పుదీనాను మిగతావాటితో కలిపి పెట్టకూడదు, దాని ఘాటు పక్క సీసాల మూతల్లోకి కూడా ఎక్కుతుంది. నారింజ, నిమ్మ అన్నిటికంటే ముందు పాడవుతాయి, వాటి చోటు ఫ్రిజ్జులోనే. వెనీలా నల్లబడితే కంగారు పడక్కర్లేదు. ప్రతి సీసా మీదా తెరిచిన తేదీ చీటీ ఉండాలి. కానీ ఆఖరి మాట తేదీది కాదు, ముక్కుది. సన్నటి కాగితం ముక్కను ఒక సీసాలో ముంచి నా ముక్కు ముందు ఆడించింది.

“బాగుందా?”

“బాగానే ఉన్నట్టుంది పిన్నీ.”

“ఉన్నట్టుండడం ఏటి? ఉంటే ఉందని సెప్పు, పోతే పోయిందని సెప్పు. నా మొకం సూసి సెప్పకు. పిల్లలు తినే వస్తువిది.”

తర్వాత ఆ పెద్ద జబ్బు లోకమంతా తిరిగిన రోజుల్లో ఆమెకూ జ్వరం వచ్చింది. మనిషి కోలుకుంది గానీ ముక్కుకు వాసన తెలియడం పోయింది. మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు నేను వచ్చేసరికి వెనక గదిలో అన్నం అడుగంటి పొగలు కమ్ముతున్నాయి. ఆమె గల్లా దగ్గర నిశ్చింతగా చీటీలు అంటిస్తోంది. పరుగెత్తి స్టవ్ ఆర్పి వచ్చాక నా వైపు చూసి, “నాకేటీ తెలీడం నేదమ్మీ. ఇక నువ్వే నా ముక్కు,” అంది. ఆ రోజు నుంచి ప్రతి సీసా నేను వాసన చూసి చెప్పాకే బయటికి వెళ్లేది. ఆమె నా పెదవుల వైపు చూస్తూ నిలబడేది.

మరుసటి వేసవిలో మా అక్క కాన్పుకని పొట్టంగి వెళ్లాను. ఆ రోజుల్లో రాయగడలో ఎండలు మండిపోయాయి. కరెంటు పోయి ఫ్రిజ్జు ఆగింది, రేకుల కప్పు కింద కొట్టు కుంపటి అయింది. కల్యాణసింగ్‌పూర్ నుంచి సుదామ వచ్చి జాతర కోసం నారింజ ఎసెన్సు అడిగాడు. ఐస్‌ఫ్రూటు బండి అతనిది, చాలా ఏళ్ల ఖాతాదారు, ఆమెను ఒడియా వరసలో మావుసీ అని పిలిచేవాడు. ఆమె రంగు చూసింది, చీటీ చూసింది. రెండూ బాగానే ఉన్నాయి. ఇచ్చేసింది.

నేను తిరిగొచ్చిన రోజే అతను మళ్లీ వచ్చాడు. జాతరలో పిల్లలు నోట్లో పెట్టుకుని ఉమ్మేశారట. రంగుల్లో పోసే టర్పెంటైను కలిపాడని జనం మీదపడి బండి విరగ్గొట్టారట. అతని కనుబొమ్మ దగ్గర కట్టు ఉంది.

“గొడవకి రాలేదు మావుసీ. నువ్విచ్చిన సీసా నేనెప్పుడూ వాసన సూడలేదు. నువ్విచ్చేవంటే మంచిదే అనుకున్నాను,” అన్నాడు.

అతను అరిచి ఉంటే ఆమె తట్టుకునేదేమో. బండి బాగు చేయిస్తానని చెప్పి పంపించి, షట్టరు సగం దించేసింది. కొట్టు తీసేస్తానంది. నేనున్నాను కదా పిన్నీ అని బతిమాలాను.

“రేపు నువ్వు పెళ్లి సేసుకుని ఎలిపోతావు. ఎలిపోవాల కూడా. నాకు తెలీని సరుకు నానెలా అమ్మీది?”

సీసాలన్నీ ఖాళీ చేస్తున్నప్పుడు, బీరువా అడుగు నుంచి వెడల్పు మూతి గోధుమరంగు సీసా ఒకటి తీసింది. మూత చుట్టూ మైనం పూసి ఉంది. లోపల చిన్నపిల్ల గౌను. ఆమెకు ఒక కూతురు ఉండేదనీ, బళ్లో చేరిన ఏడాదే మెదడు మలేరియాతో పోయిందనీ అప్పుడే నాకు తెలిసింది.

“తెరిసినప్పుడల్లా కొంత పోద్ది కదా. అందుకే ఎప్పుడూ తెరవనేదు. ముసిలిదాన్నయ్యాక ఒక్కసారి తెరుద్దామనుకున్నాను. ఇప్పుడు తెరిసినా నాకు తెలీదు. నువ్వు సూడమ్మీ. కొబ్బరి నూనె, పౌడరు, పాలు ఒలికిన వాసనుండాల.”

మైనం గీకి మూత తీశాను. ముఖం దగ్గరగా పెట్టుకున్నాను. ముక్కిన గుడ్డ వాసన, మూతలోని రబ్బరు వాసన. మళ్లీ చూశాను. అంతే. ఆమె నా ముఖాన్నే చూస్తోంది. ఒక్క అబద్ధం చాలు, ఆమెకు తెలిసే దారి లేదు.

“లేదు పిన్నీ. పోయింది.”

ఆమె సీసా అందుకుని మూత గట్టిగా బిగించింది. గోడ వైపు తిరిగి, “సెప్పేవు. మంచిది,” అంది. కాసేపటికి మూత మళ్లీ తనే తీసి, గౌను బయటికి లాగి, వొళ్లో పరుచుకుని, ముడతలు సరిచేస్తూ కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

కొట్టు తీసేసి గుణుపూర్ వైపు తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. పై వర్షాకాలంలో పోయిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పోయిన ఏడాది మా నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంక చేయగలిగింది లేదని చెప్పాడు. వరండాలో అమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. తగ్గిపోతుందనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని, “ఇంటికి తీసుకుపోదాం. ఆయనకి చోడిపిండి అంబలి ఇష్టం, రేపు పొద్దున్న నాను కాస్తాను,” అంది.