నిలబెట్టినాయన వచ్చేదాకా

ఎనభైల మొదట్లో నేను నారాయణఖేడ్‌లో బడిపిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక ఎండాకాలం సెలవుల్లో హైదరాబాద్ నుంచి ఒక పరిశోధకుడు వచ్చాడు. అధికారం ఉన్నట్టు కనిపించే మనిషి చెబితే జనం ఎందుకు వింటారు, ఎంతదాకా వింటారు అన్నది ఆయన తెలుసుకోదలచిన విషయం. నాకు రోజూ డైరీ రాసే అలవాటుందని ఎవరో చెప్పారట. చూసింది చూసినట్టు రాసిపెట్టమని అడిగాడు. ఒప్పుకున్నాను.

పద్ధతి చిన్నదే. ఆయన వెంట వచ్చిన మనిషి ఖాకీ బట్టలు వేసుకుని బస్టాండుకు వస్తాడు. బిల్ల లేదు, టోపీ లేదు, లాఠీ లేదు. బస్సు కోసం చూస్తున్నవాళ్లలో ఒకరిని గోడ పక్కకు పిలిచి, "నేనొచ్చేదాక ఇక్కడే నిలబడు" అని వెళ్లిపోతాడు. కాసేపటికి తిరిగొచ్చి పొమ్మంటాడు. ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చుని మేమిద్దరం చూడాలి.

దాదాపు అందరూ నిలబడ్డారు. కల్హేర్ నుంచి వచ్చిన రైతు ఒకడు నెత్తిమీది మూట కూడా దించలేదు. కన్నడం మాట్లాడే బట్టల వ్యాపారి మాత్రం "యాకె?" అని కారణం అడిగాడు. జవాబు రాకపోయినా నిలబడ్డాడు.

ఒక పొద్దున సిర్గాపూర్ నుంచి వచ్చిన నడివయసు ఆమెను నిలబెట్టారు. హోటల్ యజమానికి ఆమె తెలుసు.

"ఆమె బిడ్డ సంగారెడ్డి దవాఖానల ఉంది సార్. తొలి కానుపు, ఆపరేషన్ అంటున్నరట. అల్లుడొక్కడే పరేషాన్ అవుతుండు. గా బస్సుకే పోవాలె," అన్నాడు.

బస్సు ఇంజన్ మోగింది. ఆమె బస్సును చూస్తోంది, ఖాకీ మనిషి వెళ్లిన దిక్కు చూస్తోంది. కాలు కదపడం లేదు.

"ఇంకొక్క నిమిషం," అన్నాడు పరిశోధకుడు. "బస్సు పోతున్నా నిలబడుతుందా అన్నదే నాకు కావాలి. మీరు కూర్చునే ఉండండి సార్."

హోటల్ యజమాని గ్లాసులు కడుగుతూనే, "ఆమెకైతె ఖాకీ జూపిచ్చిండ్రు. నీకేం జూపిచ్చిండ్రు సార్, గట్ల కూసున్నవ్?" అన్నాడు.

లేచాను. ఆమె ఆ బస్సు ఎక్కాలి, అంతే. ముందు డ్రైవర్‌ను ఆపమన్నాను. "ఇప్పటికే లేటైంది, జల్దీ తీస్కరా," అన్నాడు.

"అక్కా, ఎక్కు. ఆయన పోలీసు గాదు. ఉత్తగ నిలవెట్టిండు."

"అట్లనే అంటవ్. రేపు ఆయన నన్ను వట్టుకుంటె నువ్వొస్తవా?"

"వస్త."

"నువ్వు సారువు, నిన్నెవలేమంటరు? నిలవెట్టినాయనే చెప్పాలె."

ఖాకీ మనిషి ఎటు పోయాడో కనబడలేదు. నేను గొంతు పెంచి గద్దిస్తే ఎక్కేదేమో. ఇంకో గద్దింపుతో ఆమెను కదిలించడం నాకు ఇష్టం లేకపోయింది. అప్పుడు కిరోసిన్ దుకాణం ముందు వరస గుర్తొచ్చింది. అక్కడ జనం వరసలో చెప్పులు విడిచి పనులకు పోతారు. చెప్పులుంటే మనిషి ఉన్నట్టే, ఎవరూ జరపరు.

"సరే, నీ చెప్పులు గీడ వెట్టు. వాటి పక్కన నేను నిలవడ్త. గా సారొస్తె నేను జెప్త."

ఆమె ఆలోచించింది. "జరపనియ్యవు గద?"

"జరపనియ్య."

గోడవారన చెప్పులు జతగా పెట్టి, ఉత్తకాళ్లతో ఉరికి బస్సెక్కింది.

కాసేపటికి ఖాకీ మనిషి వచ్చి చెప్పుల దగ్గర ఆగాడు. వెనకే పరిశోధకుడు. "ఇప్పుడిది ఏమని రాయాలి? మాట విన్నట్టా, విననట్టా?"

"నేనింక రాయను," అన్నాను. "రేపు మీరొస్తే నేనూ వస్తాను. మీరు నిలబెట్టిన ప్రతి మనిషికీ పోవచ్చని చెబుతాను."

ఆయన చాలాసేపు శాస్త్రం గురించి చెప్పాడు. మర్నాడు వాళ్లు వచ్చారు, నేనూ వెళ్లాను. మధ్యాహ్నానికల్లా వాళ్లు సామాను సర్దుకున్నారు.

వారం తిరక్కముందే, నేను హోటల్లో ఉండగా ఆమె వచ్చింది. ఆపరేషన్ అయిందనీ, తల్లీ పిల్లా బాగున్నారనీ, లోపలికి తీసుకుపోయేదాకా కూతురు తన చెయ్యి విడవలేదనీ చెప్పింది. హోటల్ యజమాని దాచిన చెప్పులు తెచ్చి ఇచ్చాడు. ఆమె వాటిని తొడుక్కోకుండా గోడవైపు చూసింది.

"గా ఖాకీ సారు ఏమన్న అన్నడా?" అని నన్ను అడిగింది.

"'ఆమె ఏది?' అన్నడు. పోయిందని చెప్పిన."

"మరి?"

"ఏం లేదు. ఆయన గూడ పోయిండు."