గేటు కింద దూరిన అంబాసిడర్

గోదావరిఖని గిడియోన్, వేసి ఉన్న రైలు గేటు కిందనుంచి అంబాసిడర్ కారును దూర్చి తీసుకుపోయాడు. గేట్‌మన్ టీ గ్లాసు పక్కన పెట్టి మరీ సెల్యూట్ కొట్టాడు. నమ్మనివాళ్లు సినిమా చూసుకోవచ్చు. నలభై నిమిషాలు, కథ లేదు, పాట లేదు, సెన్సారు అసలే లేదు. తీసినవాడు గిడియోన్ మేనల్లుడు ఆకాశ్.

ముప్పై రెండేళ్లు బొగ్గుబాయిలో నడుము వంచి ఫిట్టరు పని చేసిన గిడియోన్, ఆ కారును భార్య కోసమే మొదలుపెట్టాడు. వెన్ను ఆపరేషన్ అయ్యాక రెజీనాకు మెడ వంగదు, ఆటో కుదుపులు పడవు. చర్చి మొహం చూసి ఏడాదయింది. తుక్కుకు పోతున్న బండిని తెచ్చి మెత్తటి స్ప్రింగులు వేశాడు. సీటులో చెప్పు పడితే వారానికి గానీ దొరకనంత స్పాంజి కూర్చాడు. అక్కడితో ఆగితే గిడియోన్ ఎందుకవుతాడు? ఫోనులో చూసిన ఫారిన్ కార్ల మోజులో పైకప్పు కోసి, జానెడు దించి, మళ్లీ అతికించాడు. తాను ఎక్కి కూర్చుంటే నెత్తికీ కప్పుకీ నాలుగు వేళ్ల సందు. భేష్ అనుకున్నాడు.

ఆదివారం తెల్లచీర కట్టుకుని, బైబిలు పట్టుకుని రెజీనా వచ్చింది. ఆమె నుదురు కప్పు అంచు దగ్గరే ఆగిపోయింది.

"జర వంగు."

"వంగే మెడ ఉంటే ఆటోలనే పోదును. కప్పు మళ్ల లేపు."

గిడియోన్ కటింగ్ మిషన్ అందుకోబోతుంటే ఆకాశ్ అడ్డం వచ్చాడు. "పది రోజులాగు మామా. గిసుంటి కారు జిల్లాల లేదు. సినిమా అయినంక నీ ఇష్టం."

కాలనీ కుర్రాళ్లు అప్పటికే దాని పక్కన ఫోటోలు దిగుతున్నారు. గుర్తింపు కార్డుకు తప్ప గిడియోన్‌ను ఏనాడూ ఎవరూ ఫోటో తీయలేదు. సరేనన్నాడు.

ఆ పది రోజులు క్రిస్మస్‌ను దాటిపోయాయి. తెల్లచీర మడతపెట్టి బీరువాలో దాచిన రెజీనా మళ్లీ అడగలేదు.

కమ్యూనిటీ హాలులో దుప్పటి కట్టి సినిమా వేశారు. ఆకాశ్ కంప్యూటరు మాయతో కారు గేటు కింద దూరగానే ఈలలు. తర్వాత పావుగంటసేపు తెర నిండా ముందరి ఖాళీ సీటు ఒక్కటే.

"గది మన బతుకుల శూన్యం," అన్నాడు ఆకాశ్ మైకులో.

పక్క క్వార్టరు దీప టీచర్ లేచింది. "కాకా, గేటు కింద నిజంగనే ఎట్ల పోయిన్రు?"

గిడియోన్ మైకు తీసుకున్నాడు.

"గేటు కింద పోలె. చర్చి దాక గూడ పోలె. ఆ సీటు రెజీనాది. కొలత నాది తీసుకున్న."