దానియేలు పేరుతో వెతికిన రాత్రి

మీరు నమ్మకపోయినా నేనేమీ అనుకోను. ముప్పై ఏళ్లు పేపర్లో పనిచేసినవాణ్ణి. కళ్లతో చూడనిది ఏనాడూ చెప్పలేదు. ఇదీ చూసిందే. మా ఆవిడ కూడా చూసింది... అడగండి.

నేను అమలాపురంలో పేపరుకు ఫొటోలు తీసేవాణ్ణి. రిటైరయ్యాక వాటి కాపీలన్నీ ఇంట్లో కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాను. లక్షకు పైనే ఉంటాయి. ప్రతి ఫొటో లోపల ఊరు, సందర్భం, పేర్లు రాసిపెట్టడం నా పద్ధతి. ఫొటో మీద అవి కనపడవు. మాట టైపు చేసి వెతికితే, ఆ మాట రాసి ఉన్న ఫొటోలన్నీ తెర మీదికి వస్తాయి.

మొన్నటి వానాకాలంలో ఒక రాత్రి రూతు వచ్చింది. ముక్తేశ్వరం అమ్మాయి, నర్సు. తెల్లవారుజామున కారెక్కితే ఇక కువైటే.

"బాబాయిగారూ, మా నాన్నగారి ఫొటో ఒక్కటి కావాలండీ. ఆయన మొహం నేను చూడలేదండీ."

వాళ్ల నాన్న దానియేలు పడవ నడిపేవాడు. రూతు పుట్టకముందు వచ్చిన వరదలో, గోదావరి మధ్య లంకలకు అన్నం పొట్లాలు తీసుకెళ్తుంటే పడవ తిరగబడింది. శవం కూడా దొరకలేదు. ఇంట్లో ఉన్న ఒక్క పెళ్లి ఫొటో వరదలో పోయింది. మరో మూడు నెలలకు రూతు పుట్టింది.

"ఆ రోజు పొద్దున్న రేవులో మీరు ఫొటోలు తీసేరంటండీ. అమ్మ చెప్పింది."

తీశాను. దానియేలు అని టైపు చేసి వెతికాను. సున్నా.

ఆశ్చర్యం వెయ్యలేదు, సిగ్గు వేసింది. నాయకుల పేర్లు, అధికారుల పేర్లు ఎడమ నుంచి కుడికి ఒక్కటి వదలకుండా రాస్తాం. పడవ మనిషి పేరు ఎవరడుగుతారు?

"దీనికన్నా నా పోపులపెట్టె నయం. ఏది ఎక్కడుందో చీకట్లో కూడా దొరుకుతుంది" అంది మా ఆవిడ. రూతు నవ్వింది.

వరద అని వెతికితే వేలల్లో వచ్చాయి. ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నాం. పొట్లాలు... అందుకునే చేతులు... నాయకుల నవ్వులు. పడవ మనిషి ఎక్కడా లేడు. పదకొండు దాటింది. బయట కొబ్బరాకుల మీద వాన.

"ఇంకోసారి పేరుతో చూడండి బాబాయిగారూ."

"ఇందాక చూశాం కదమ్మా."

"ఆయ్... అయినా చూడండి."

వెతికాను. ఒకటి వచ్చింది.

రేవు. ఎర్రటి నీళ్లు. పడవ చివర ఒక మనిషి, వీపు మావైపు. మెడ మీద గళ్ల తువ్వాలు. ఆ ఫొటోలో రాసిన మాటలు తెరిచాను. ఊరు లేదు. సందర్భం లేదు. ఒక్కటే మాట... దానియేలు.

అది నేను రాయలేదు.

మళ్లీ వెతికాను. రెండు. రెండోదాంట్లో భుజం కాస్త తిరిగి ఉంది. మళ్లీ... మూడు. చెవి కనపడింది.

"ఇటు తిరుగుతున్నారండీ..." అంది రూతు మెల్లగా. ఆ గొంతులో భయం లేదు. నేను మాత్రం కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాను. మా ఆవిడ టీ గ్లాసులతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

నాలుగు. చెంప... తడిసిన గడ్డం. కంప్యూటర్లో గర్ర్... ఆగి... మళ్లీ గర్ర్.

మాటలు తెరిచాను. ఈసారి రెండున్నాయి. దానియేలు. రూతు.

"నీకీ పేరు ఎవరు పెట్టారమ్మా?"

"మా అమ్మమ్మండీ. నేను పుట్టేక పెట్టింది." కళ్లు తెర మీదే ఉన్నాయి. "ఇంకొక్కటి చాలండీ బాబాయిగారూ."

నొక్కాను. ఐదు.

ఆ ఫొటో ఒక్కసారిగా రాలేదు. పైనుంచి కిందికి... మెల్లగా. ఆకాశం... జుట్టు... నుదురు. నుదుటి మీద నీళ్లు.

ఆ నీళ్లు కారుతున్నాయి.

ప్లగ్గు పీకేశాను. తెర నల్లబడింది.



"ఎందుకు పీకేసేరండీ?" అంది రూతు. "భయపడితే నేను భయపడాలి కదండీ. ఆయన మా నాన్నగారండీ."

మళ్లీ పెట్టడానికి నాకు చేతులు రాలేదు. "కంప్యూటరు పాడైపోయిందమ్మా" అన్నాను. ఆమె ఒక్క ఫొటో కూడా లేకుండా వెళ్లిపోయింది.

కంప్యూటర్లు తెలిసిన ఒకాయనకు తర్వాత చెప్పాను. లక్ష ఫొటోల్లోని మాటలు చదవడానికి దానికి టైము పడుతుంది, చదివేకొద్దీ చూపిస్తుంది అన్నాడు. వరసగా తీసినవైతే మనిషి తిరిగినట్టే ఉంటుంది, పేరు ఆఫీసులో ఎవరో రాసి ఉంటారు అన్నాడు. కావచ్చు. మరి రూతు పేరు? కంప్యూటరు ఓసారి తెచ్చి చూపించమన్నాడు. నీళ్ల సంగతి నేను చెప్పలేదు.

కువైట్‌లో సెలవు శుక్రవారం, చర్చిలో ప్రార్థన కూడా ఆ రోజే. అది అయ్యాక ఆమె ఫోన్ చేస్తుంది.

"బాగైందా అండీ బాబాయిగారూ?"

"ఇంకా లేదమ్మా. బాగుచేసేవాడి దగ్గరే ఉంది."

కంప్యూటరు ఇక్కడే, ఈ పక్కగదిలోనే ఉంది. ఆ రాత్రి నుంచి ప్లగ్గు పెట్టలేదు. ఆయన మొహం పూర్తిగా ఇటు తిప్పేశాడో... ఇంకా తిప్పుతూనే ఉన్నాడో... అసలు అది ఆయనేనో, కాదో... నాకు తెలియదు.